చింతపండు పడ్డ డెరింజర్

ఫిబ్రవరి

ఒక్క తూటా పట్టే పాత జేబు పిస్తోళ్ల మోజు నాకు ఫిలడెల్ఫియా వచ్చాకే పట్టుకుంది. హెన్రీ డెరింజర్ ఊరు ఇదే. 1865 ఏప్రిల్ 14న ఫోర్డ్స్ థియేటర్‌లో లింకన్‌ని కాల్చింది ఆయన చేసిన పిస్తోలుతోనే. అసలు పేరు (Deringer) మధ్యలో ఆర్ ఒకటే. అనుకరించినవాళ్లూ పేపర్లవాళ్లూ ఇంకో ఆర్ తగిలించారు, చివరికి అదే ఆ జాతి మొత్తానికీ పేరైంది. ఆయన సొంత పనితనం కొనే స్తోమత నాకు లేదు, పైగా వాటిలో నకిలీలు జాస్తి. అందుకే 41 రిమ్‌ఫైర్ తూటా (0.41 అంగుళాల సైజు, అడుగు అంచు మీద దెబ్బ పడితే పేలే రకం) వాడినవాటికే పరిమితమయ్యాను.

మొదటిది దొరికింది: 'సదరనర్'. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌లో, 1867 నుంచి 1873 దాకా తయారైన రకం. ఇత్తడి ఫ్రేము, పక్కకు తిరిగే గొట్టం. 425 డాలర్లు పెట్టాను. కొనేముందు చూసుకున్నవి ఇవి. గొట్టం ఖాళీగా ఉందా (మొదట ఇదే, ఎవరు ఎంత చెప్పినా సరే). మూశాక గొట్టం వదులుగా ఊగుతోందా. హ్యామర్‌ని సగం దాకా లాగి వదిలితే అక్కడే ఆగుతోందా. స్క్రూ తలల మీది గాళ్లు చెదిరిపోయాయా. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి మాత్రం చూడలేదు. రిమ్‌ఫైర్‌లో హ్యామర్ దెబ్బ నేరుగా గొట్టం అంచుకి తగిలి గంటు పడుతుంది. నాదానికి అప్పటికే చిన్న గంటుంది, పాత యజమానుల పుణ్యం.

మే

ఇది రాయడానికి మనసు రావట్లేదు, కానీ లాగ్ అన్నాక రాయాలి కదా.

అమ్మ తెనాలి నుంచి వచ్చింది. నేను ఆఫీసుకి వెళ్లినప్పుడు బల్లమీద ఉన్న సదరనర్‌ని చూసింది. ఇత్తడికి నల్లగా చిలుము పట్టి ఉంది. సాయంత్రం వచ్చేసరికి కొత్త గంగాళంలా మెరుస్తోంది! "ఏరా, ఇంత పాతది కొని మురికిగా పెట్టుకుంటావా? చింతపండూ ఉప్పూ వేసి తోమాను, ఎలా వచ్చిందో చూడు" అంది. ఏం అనగలను? "బాగుందమ్మా" అన్నాను.

నూట యాభై ఏళ్ల రంగు పోయింది. పిడి దగ్గర అక్కడక్కడా మిగిలిన వెండి పూత కూడా పోయింది. అసలు టెన్షన్ అది కాదు, నీళ్లు లోపలికి దిగి ఉంటాయి. లోపలి స్ప్రింగు ఉక్కుది. రాత్రికి రాత్రే విప్పాలి. మామూలు స్క్రూడ్రైవర్ మొన ఏటవాలుగా ఉండి గాళ్లను చెక్కేస్తుంది. గాళ్లకి అచ్చంగా కూర్చునే హాలో గ్రౌండ్ రకమే వాడాలి. పిడి స్క్రూ వచ్చింది, రెండోది రాలేదు. పల్చటి నూనె చుక్కలు వేస్తూ మూడు రోజులు వదిలేశాను. నాలుగో రోజు అదే కదిలింది. స్ప్రింగు మీద ఎర్రటి పొడి అప్పుడే మొదలైంది. నూనె గుడ్డతో తుడిస్తే పోయింది.

మందు పూసి ఇత్తడిని మళ్లీ నల్లబరచవచ్చన్నారు ఒకాయన. అది మోసం, చెయ్యను.

ఆగస్టు

కోల్ట్ కంపెనీ డెరింజర్ మూడో మోడల్, థూర్ అనే రకం, కోసం ప్రదర్శనలన్నీ తిరిగాను. దీంతో ఒక చిక్కుంది. ఫెడరల్ చట్టం ప్రకారం 1898 చివరిలోపు తయారైతేనే యాంటీక్, అంటే మామూలు తుపాకీ నిబంధనల నుంచి మినహాయింపు. థూర్ తయారీ మాత్రం 1870ల నుంచి 1912 దాకా సాగింది. అంటే చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పిస్తోళ్లలో ఒకటి యాంటీక్, రెండోది మామూలు తుపాకీ. రాష్ట్రాల చట్టాలు వేరే, అవీ కనుక్కోవాలి. సూట్‌కేసులో ఇండియాకి తీసుకెళ్లే ఆలోచన అసలే వద్దు, ఇక్కడి మినహాయింపు శంషాబాద్‌లో చెల్లదు.

ఒక బల్ల దగ్గర పుస్తకం ఆకారపు పెట్టెలో జత చూపించి "1870 నాటివి" అన్నాడు అమ్మేవాడు. తీరా చూస్తే 22 షార్ట్ అనే చిన్న తూటావి, కోల్ట్ 1959లో మళ్లీ మొదలుపెట్టిన నాలుగో మోడల్! దండం పెట్టి వచ్చేశాను.

చివరికి తొలి విడతది దొరికింది. గొట్టం తిరిగే స్క్రూ దగ్గర ఫ్రేము ఉబ్బుగా ఉంటుంది, తర్వాతి వాటికి ఆ ఉబ్బు లేదు. తేదీ గురించి ఇక అనుమానం లేదు. నికెల్ పూత పొరలుగా లేచిన చోట కింద తుప్పు మచ్చలున్నాయి. ఆ మచ్చల మీద నికెల్ వేసి ఉంటే మళ్లీ పూత పెట్టారని అర్థం, అలాంటిది కొననే కొనను. 780 డాలర్లయ్యాయి. ఇంట్లో 500 అని చెప్పాను.

అక్టోబరు

రెంటికీ రెనయిసెన్స్ వ్యాక్స్ (పాత వస్తువుల్ని కాపాడే మైనం) పల్చగా రాశాను. తోలు సంచులు తీసేశాను, తోలులోని ఆమ్లం లోహాన్ని తింటుంది. పెట్టెలో సిలికా జెల్, తేమ మీటరు ఉన్నాయి, తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంచుతున్నాను. కాలుస్తావా అని అందరూ అడుగుతారు. కాల్చను. 130 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) సీసం గుండు, వేగం సెకనుకి 425 అడుగులు, ఆ కాలంలో పేకాట బల్ల అవతలివాడి వరకూ సరిపోయింది.

సదరనర్‌కి నెలకో ఫొటో తీస్తున్నాను, ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి. ట్రిగ్గర్ చుట్టూ ఇప్పుడిప్పుడే తేనెరంగు కమ్ముతోంది. మొన్న వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను.

"అయ్యో, అప్పుడే రంగు మారిందేంట్రా! సంక్రాంతికి వస్తాగా, ఈసారి పీతాంబరి తెస్తాలే" అంది.

పెట్టెకి తాళం కొన్నాను.