ఫిల్లర్ కోర్సులో ముందు చూడాల్సింది

ఫిల్లర్ (ముఖాన్ని నింపుగా చేయడానికి చర్మం కింద సూదితో ఎక్కించే జెల్) శిక్షణకు వెళ్లే డాక్టర్లు చాలామంది పెదవులు, బుగ్గల టెక్నిక్ గురించే అడుగుతారు. ఫిల్లర్ వల్ల రక్తనాళం మూసుకుపోతే ఏం చేయాలో దగ్గరుండి సాధన చేయించని కోర్సుకు మాత్రం దయచేసి ఫీజు కట్టకండి.

చర్మం ఉన్నట్టుండి తెల్లబడినా, కాసేపటికి వలలా ఊదారంగు తేలినా సూది వెంటనే ఆపాలి. నొప్పి లేదు కదా అని ధీమా పడొద్దు, చాలా ఫిల్లర్లలో తిమ్మిరెక్కించే మందు లిడోకెయిన్ కలిసే ఉంటుంది. వేలితో 5 సెకన్లు నొక్కి వదిలి, రెండో వైపుతో పోల్చండి. రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటితే అనుమానించాల్సిందే.

హయలురానిక్ యాసిడ్ ఫిల్లరైతే విరుగుడు దాన్ని కరిగించే ఎంజైమ్, హయలురోనిడేజ్. 1500 యూనిట్ల వయల్‌ను 3 మి.లీ. సెలైన్‌లో కలిపితే మి.లీ.కి 500 యూనిట్లు. పై పెదవి లాంటి ఒక్క ప్రాంతానికి సుమారు 500 యూనిట్లు, రంగు తిరిగొచ్చేదాకా గంటగంటకూ. ఫిల్లర్ వేసిన చోటే కాదు, తెల్లబడ్డ మేరంతా సూదితో ఎక్కించి మసాజ్ చేయాలి. ముక్కు, పెదవి రెండూ దెబ్బతింటే డోసు రెట్టింపు, అప్పుడు ఒక్క వయల్ రెండో గంటకు కూడా సరిపోదు! అందుకే క్లినిక్‌లో నిల్వ ఎంతుందో, గడువు తేదీ ఎప్పుడో నెలనెలా చూసుకోవాలి. కాల్షియం హైడ్రాక్సీఅపటైట్ ఫిల్లర్‌ను ఈ మందు కరిగించలేదు. చూపు మసకబారితే క్షణం ఆగకుండా కంటి ఆసుపత్రికి పంపాలి.