జూన్ కేకు సరే, ఫిర్యాదు అధికారి పేరేది?

జూన్ అంటే ఎల్‌జీబీటీ వాళ్ళ 'ప్రైడ్' నెల. అది వచ్చిందంటే బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా టెక్ పార్కుల లిఫ్టు తలుపుల మీద ఇంద్రధనుస్సు స్టిక్కర్లు వెలుస్తాయి. కెఫెటీరియాలో రంగురంగుల కేకు కోస్తారు, ఫొటోలు లింక్డిన్‌కి ఎక్కుతాయి. అదే రోజు ఆ కంపెనీ ఇంట్రానెట్ తెరిచి ఒక్క పేరు వెతకండి: ట్రాన్స్‌జెండర్ చట్టం కింద నియమించిన ఫిర్యాదు అధికారి పేరు. చాలాచోట్ల దొరకదు. దొరికినా, ఆ మనిషి రెండేళ్ళ కిందటే కంపెనీ మారిపోయి ఉంటాడు.

ఈ పేరు పెట్టడం కంపెనీ దయాదాక్షిణ్యం మీద ఆధారపడిన విషయమేమీ కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జనవరి 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగంలోకి తీసుకోవడంలో, ప్రమోషన్‌లో, మరే విషయంలోనూ వివక్ష చూపకూడదని సెక్షన్ 9 అంటుంది. సెక్షన్ 11 ప్రతి సంస్థా ఒక ఫిర్యాదు అధికారిని పెట్టాలంటుంది. ఇక్కడ 'సంస్థ' అంటే కంపెనీ, ఫర్మ్, ట్రస్టు, సొసైటీ అన్నీ వస్తాయి. మహిళల లైంగిక వేధింపుల చట్టంలో అంతర్గత కమిటీకి పదిమంది ఉద్యోగులు ఉండాలనే లెక్క ఉంది కదా, ఇక్కడ అలాంటి లెక్క లేదు. కోరమంగలలో ఆరుగురితో నడిచే స్టార్టప్‌కైనా ఇదే వర్తిస్తుంది. "మేం చిన్నవాళ్ళమండీ" అనే ఫౌండర్‌కి ముందు ఈ నిర్వచనం చూపించాలి.

ఈ చట్టం కింద వచ్చిన 2020 నియమాలు ఇంకా వివరంగా ఉన్నాయి. 12వ నియమం ప్రకారం సమాన అవకాశాల పాలసీ రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి, లేదా అందరికీ కనబడేచోట అతికించాలి. టాయిలెట్లు, రవాణా భద్రత, జెండర్ వివరాల గోప్యత, ఫిర్యాదు అధికారి వివరాలు అందులో ఉండాలి. 13వ నియమం గడువులు పెట్టింది: ఫిర్యాదు అందిన 15 రోజుల్లో విచారణ, నివేదిక ఇచ్చాక మరో 15 రోజుల్లో సంస్థ అధిపతి చర్య.

ఇక దీంట్లో ఉన్న బొక్క. ఉద్యోగంలో వివక్ష చూపితే ఇంత శిక్ష అని 2019 చట్టంలో లేదు. సెక్షన్ 18లో ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు ఉంది గానీ, అది వెట్టిచాకిరి, బహిరంగ స్థలాల్లోకి రానివ్వకపోవడం, ఇంట్లోంచి గెంటేయడం, హింస, వేధింపు లాంటివాటికి. మరో బొక్క ఇంకా పెద్దది. ఈ చట్టం ట్రాన్స్‌జెండర్ వాళ్ళకే. గే, లెస్బియన్, బైసెక్సువల్ ఉద్యోగిని ప్రైవేటు కంపెనీ ఆ కారణంగా పంపించేస్తే నేరుగా పట్టుకోడానికి చట్టమే లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను కుదించింది, స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. కానీ రాజ్యాంగంలోని 15, 16 అధికరణలు ప్రభుత్వానికి కళ్ళెం వేస్తాయే తప్ప వైట్‌ఫీల్డ్ కంపెనీ మేనేజరుకు కాదు.

అందుకే ఇక్కడ పని తెలిసినవాళ్ళు ఒక దారి పడతారు. ట్రాన్స్‌జెండర్ పాలసీ ఎలాగూ రాయక తప్పదు కాబట్టి, ఆ కాగితంలోనే 'లైంగికత, జెండర్ గుర్తింపు, జెండర్ వ్యక్తీకరణ' అనే మూడు మాటలూ పక్కపక్కన పెట్టించడం. విడిగా 'గే పాలసీ' అని అడిగితే లీగల్ వాళ్ళ దగ్గర ఆరు నెలలు పడుకుంటుంది. తప్పనిసరి కాగితంలో ఒక వాక్యంగా వెళ్తే చాలాసార్లు ఎవరూ అడ్డుచెప్పరు. ఆ వాక్యాన్ని ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలో కూడా పెట్టించాలి, ఎందుకంటే క్రమశిక్షణ చర్య తీసుకునేది దాని కింద. పాలసీలో ఉండి నియమావళిలో లేకపోతే తప్పు చేసినవాడి లాయరు మొదట పట్టుకునేది అదే.

లైంగిక వేధింపుల విషయంలోనూ ఇంతే. 2013 చట్టం 'బాధిత మహిళ' అనే అంటుంది. గే అయిన మగ ఉద్యోగిని టీమ్ లీడ్ వేధిస్తే అంతర్గత కమిటీకి చట్టపరంగా అధికారం రాదు. కంపెనీ తన సొంత పాలసీలో ఫిర్యాదుదారు ఎవరైనా కావచ్చని రాసుకుని, అలాంటివాటికి వేరే కమిటీ పేరు చెప్పాలి. రెండింటినీ కలిపేసి ఒకే కమిటీతో తీర్పు ఇప్పిస్తే తర్వాత అది నిలబడదు.

గోప్యత దగ్గరికొస్తే మన తెలుగువాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మారతహళ్ళిలో కన్నడ కంటే తెలుగే ఎక్కువ వినబడుతుందని జోకులేసుకుంటాం కదా, ఆ జోకే ఇక్కడ ప్రమాదం. రిఫరల్ ఇచ్చింది బావగారి తమ్ముడు, పక్క క్యూబికల్‌లో ఉన్నది నెల్లూరులో అదే వీధి అమ్మాయి. హెచ్‌ఆర్‌లో ఒకరికి తెలిస్తే సంక్రాంతికి ఊరెళ్ళేలోపు ఇంట్లో తెలిసిపోతుంది. కాబట్టి పాలసీలో 'గోప్యంగా ఉంచుతాం' అంటే సరిపోదు. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో జెండర్ గడి, పాత పేరు గడి, భాగస్వామి పేరు గడి ఎవరెవరికి కనిపిస్తాయో పోస్టుల పేర్లతో సహా రాయించాలి. మేనేజరు స్క్రీన్‌లో డిపెండెంట్ల జాబితా కనిపిస్తోందేమో ఒకసారి డెమో చూపించమనాలి. ఒకరి విషయం వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టడం కూడా దుష్ప్రవర్తనే అని విడిగా ఒక వాక్యం ఉండాలి. "పెళ్ళెప్పుడు బాబూ" అనే పలకరింపుని ఏ పాలసీ ఆపలేదు, అది వేరే సంగతి.

పేరు మారిన ట్రాన్స్ ఉద్యోగికి అసలు గండం చేరేముందే ఉంటుంది: బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. బయటి ఏజెన్సీ కుర్రాడు పాత కంపెనీకి ఫోన్ చేసి రెండు పేర్లూ చదువుతాడు, అక్కడితో కథ బయటపడిపోతుంది. లేదా రిపోర్టులో 'పేరు సరిపోలలేదు' అని ఎర్ర రంగు వస్తుంది, చేరే తేదీ జారిపోతుంది. దీనికి మందు ఒకటే. ఆఫర్ లెటర్‌తో పాటే హెచ్‌ఆర్‌లో ఒక్క మనిషి గెజిట్ ప్రకటన, జిల్లా మెజిస్ట్రేట్ ఇచ్చిన గుర్తింపు పత్రం తీసుకుని, ఏజెన్సీకి ఏ పేరుతో ఎక్కడ అడగాలో రాతపూర్వకంగా చెప్పాలి. ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందంలోనూ గోప్యత షరతు ఉండాలి.

క్యాబ్‌ల సంగతి కూడా అంతే సూక్ష్మం. రాత్రి షిఫ్టులో మహిళలకి గార్డు, చివరి డ్రాప్ నిబంధనలు రోస్టర్‌లోని 'ఎఫ్' అనే అక్షరాన్ని బట్టి నడుస్తాయి. హెచ్‌ఆర్ రికార్డు మారినా రవాణా వెండర్ యాప్‌లో పాత అక్షరమే ఉండిపోతుంది. ట్రాన్స్ మహిళ రాత్రి రెండింటికి ఒంటరిగా దిగాల్సి వచ్చేది ఇలాగే.

డబ్బు కాగితాల్లో మనవాళ్ళు ఎక్కువ పొరబడతారు. గ్రూప్ మెడిక్లెయిమ్‌లో భాగస్వామిని చేర్చాలంటే ఏటా రెన్యూవల్‌కి ముందే బీమా కంపెనీతో నిర్వచనం మార్పించాలి, మధ్యలో అడిగితే వచ్చే ఏడాది అంటారు. పీఎఫ్ అలా కాదు, అది కంపెనీ చేతిలో లేదు. 1952 పథకంలో కుటుంబం ఉన్నవాళ్ళు కుటుంబ సభ్యులకే నామినేషన్ ఇవ్వాలి. అబ్బాయికి ఆధారపడిన తల్లిదండ్రులుంటే వాళ్ళే కుటుంబం, భాగస్వామి పేరు రాసినా చెల్లదు. గ్రాట్యుటీదీ దాదాపు అదే పద్ధతి. పాలసీలో 'సమాన ప్రయోజనాలు' అని చదివి పీఎఫ్ కూడా వచ్చేస్తుందనుకోవద్దు.

ప్రభుత్వ ఉద్యోగాల వైపు బెంగళూరు నుంచే ఒక ఫలితం వచ్చింది. పోలీసు నియామకాల ప్రకటనలో స్త్రీ, పురుషులకే చోటుందని సంగమ అనే హక్కుల సంస్థ కర్ణాటక హైకోర్టుకి వెళ్ళింది. దాంతో రాష్ట్రం 2021లో నియామక నియమాలు సవరించి ప్రతి వర్గంలోనూ 1 శాతం ట్రాన్స్‌జెండర్లకు కేటాయించింది, దరఖాస్తులో 'ఇతరులు' గడి పెట్టించింది. తగిన అభ్యర్థి దొరక్కపోతే ఆ పోస్టు అదే వర్గంలోని స్త్రీకో పురుషుడికో పోతుంది, అందుకే దరఖాస్తులు పడటం ముఖ్యం.

ప్రైవేటులో 15 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే? జేన్ కౌశిక్ అనే ట్రాన్స్ టీచరు వేసిన కేసులో 2025 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ప్రతి సంస్థలోనూ ఫిర్యాదు అధికారి ఉండాలని మళ్ళీ చెప్పింది, సంస్థ అధిపతి నిర్ణయం మీద అప్పీలుకు రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ను చూపించింది. అక్కడిదాకా వెళ్ళాలంటే తేదీ కావాలి. మామూలుగా జరిగేదేమిటంటే, హెచ్‌ఆర్ "ఒకసారి కాఫీకి కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు. ఆ కాఫీతో గడువు మొదలవ్వదు. సబ్జెక్టులో '13వ నియమం కింద ఫిర్యాదు' అని రాసి మెయిల్ పంపి, అందినట్టు జవాబు తీసుకోవాలి. తన ఫిర్యాదు, ఆ జవాబు రెండూ ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోవాలి, ఎందుకంటే బయటికి పంపే రోజు సాయంత్రానికే లాగిన్ పోతుంది. అలాగని ఆఫీసు ఫైళ్ళన్నీ సొంత మెయిల్‌కి పంపుకుంటే మాత్రం, వాళ్ళు అదే కారణంగా చూపించి ముందు మన మీదే చర్య మొదలుపెడతారు.