కలం పట్టిన చేతి ఇన్‌స్వింగర్

మా బ్యాచ్‌లో ఎవరిని కదిపినా, మాతో చదివి క్రికెట్ ఆడిన అన్న బౌలింగ్ స్పీడ్ గురించే చెబుతారు. మ్యాట్ పరిచిన పిచ్ మీద ఆయన బంతిని కాస్త ముందే నేలకు కొట్టి షార్ట్ పిచ్ వేస్తే బంతి చెవి పక్కనుంచి దూసుకుపోయేది, నిజమే. కానీ ఆయన గొప్పంతా స్పీడే అంటే నేను ఒప్పుకోను.

అన్నది శ్రీకాళహస్తి, కలంకారీ చేసే ఇల్లు. తిరుపతిలో హాస్టల్లో ఉండి మాతో చదివాడు. మ్యాచ్ లేని ఆదివారం ఊరికి బస్సెక్కి, వాళ్ళ నాన్న పక్కన కూర్చునేవాడు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. కరక్కాయ పొడి, పాలు కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డ పరిచి ఉంది. వెదురు కలం మొన దగ్గర ఉన్ని చుట్టి ఉంటుంది. అది రంగును పీల్చుకుంటుంది, వేళ్ళతో ఎంత నొక్కితే అంతే దిగుతుంది. పాత ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి నీళ్ళలో ఊరబెట్టిన కసింకారం ఆ రంగు. గీసేటప్పుడు పలచగా కనిపించి, గుడ్డలోని కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. ఇక చెరపడానికి లేదు. అన్న ఊపిరి బిగబట్టి పార్వతీదేవి కనుబొమ్మను ఒక్క గీతలో లాగేశాడు.

బంతి వదిలేటప్పుడు ఏ వేలికి ఎంత బలం ఇవ్వాలో ఆ కలమే నేర్పిందని నా నమ్మకం. బంతి కుట్టు, అదే సీమ్, నిటారుగా వెళ్ళేది. వరసగా బయటికి తిరిగే అవుట్‌స్వింగర్లు వేసి, బ్యాట్స్‌మన్ వదిలేయడానికి అలవాటు పడ్డాక ఒక ఇన్‌స్వింగర్‌ను లోపలికి తెచ్చేవాడు. వేళ్ళ నలుపు చూసి ఒక అంపైర్ బంతికేమైనా పూశావా అని అడిగితే, చెయ్యి చాపి ‘కలంకారీ మరక సార్, సబ్బుకు పోదు’ అన్నాడు.

స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి ఉన్నా సొంత ఊరికే వెళ్ళిపోయాడు. కొందరు దాన్ని త్యాగం అంటారు. నాకలా అనిపించదు, అది ఆయనకు ఇష్టమైన పని. 1957లో అక్కడ కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టకపోతే తమ ఇంటికి ఈ విద్యే వచ్చేది కాదని అనేవాడు. వాళ్ళ నాన్న నేర్చుకున్నది అక్కడే. స్వర్ణముఖి నదిలో పారే నీళ్ళు తగ్గి, గుడ్డలు ఉతకడం కష్టమైందని మాత్రం చివరిదాకా బాధపడ్డాడు. భుజం నొప్పితో బౌలింగ్ మానాడు గానీ కలం మానలేదు. పోయిన ఏడాది మనల్ని విడిచి వెళ్ళిపోయాడు.

అన్న మన స్కూలుకు ఇచ్చిన, పట్టాభిషేకం బొమ్మ ఉన్న కలంకారీ వస్త్రం ఇప్పుడు హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా ఉంది. సాయంత్రం ఎండంతా దాని మీదే పడుతోంది. చెట్ల నుంచి తీసిన రంగులు ఎండకు వెలిసిపోతాయి. కమిటీ వాళ్ళు దయచేసి ఈ పూర్వ విద్యార్థుల సమ్మేళనంలోపే దాన్ని లోపలి గోడకు మార్చండి. ఖర్చేమైనా ఉంటే మా బ్యాచ్ పెట్టుకుంటుంది.