హీటర్ కొనకుండానే ఈ చలికాలం

హన్మకొండలో చలి మొదలైతే మా అత్తమ్మకు మోకాళ్లు పట్టేస్తాయి. రూమ్ హీటర్ కొందామా అని ఇంట్లో గట్టిగానే చర్చ జరిగింది. 2000 వాట్ల హీటర్ గంట నడిస్తే 2 యూనిట్లు. రాత్రికి 4 గంటలు వేస్తే నెలకు 240 యూనిట్లు దానికే పోతాయి. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో మాకు వచ్చే జీరో బిల్లు నెలకు 200 యూనిట్ల వరకే. దాటితే మొత్తం కట్టాల్సిందే.

అందుకే ముందు చలి ఎటు నుంచి వస్తోందో చూశాం. అత్తమ్మ గది తలుపు కింద వేలు దూరేంత సందు ఉంది. పాత చీరను పొడుగ్గా చుట్టి, కుట్టి అక్కడ పెట్టాం. పగలు పరదాలు తీసి ఎండ రానిస్తున్నాం, పొద్దుగూకకముందే కిటికీలు మూసేస్తున్నాం.

అన్నిటికన్నా తేడా తెచ్చింది మంచం పక్కన పరిచిన కొత్తవాడ షత్రంజీ. మందపాటి నూలు జంపఖానా ఇది, పొద్దున్నే కాలు కింద పెడితే బండ చల్లదనం తగలదు. 2018లో జీఐ (ఫలానా ఊరి ప్రత్యేక ఉత్పత్తి అనే) గుర్తింపు వచ్చిన మన వరంగల్ నేత ఇది. ఆ డబ్బు కరెంటు బిల్లుకు కాకుండా మగ్గం మీద పనిచేసేవాళ్లకు చేరడం నాకు ఇంకో సంతోషం. గీజర్ మాత్రం నీళ్లు వేడెక్కి దాని లైటు ఆరగానే ఆపేస్తాం.

ఒక్క మాట, దయచేసి వినండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆదిలాబాద్‌లో మా చిన్నమ్మ వాళ్లకు చలి ఇంకా ఎక్కువ. ఫోన్ చేసినప్పుడల్లా మంట కాగాలంటే వాకిట్లోనే కాగమని చెప్తున్నా.