వీడియో సమావేశాల అలసట

ఒళ్ళు వంచి చేసిన పని ఏదీ లేకపోయినా, వరుస వీడియో సమావేశాలు ముగిసిన సాయంత్రం అనంతపురంలోని మా ఇంట్లో ఎవరు పలకరించినా బదులు చెప్పే ఓపిక నాకు మిగలదు. ఈ అలసటకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో నాలుగు కారణాలు ప్రతిపాదించారు: మరీ దగ్గరగా కనిపించే ముఖాలు, మన ముఖాన్ని మనమే చూసుకుంటూ ఉండవలసి రావడం, కదలడానికి వీలు లేకపోవడం, ఎదుటివారి సైగలను గ్రహించడానికి మెదడు అదనంగా శ్రమించడం.

నన్ను ఎక్కువగా బాధించేది ఈ చివరిదే. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు చిన్న ‘ఊఁ’తో తెలిసిపోయే అంగీకారం, అందరూ మైకులు ఆపుకున్న తెర మీద తెలియదు. మాట ఒక్క క్షణం ఆలస్యంగా చేరితే చాలు, ఇద్దరమూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగిపోయి, “మీరు చెప్పండి”, “లేదండీ, మీరే చెప్పండి” అనుకుంటూ అసలు విషయం మరచిపోతాం. పైగా మా ఊరి ఎండాకాలంలో, చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను ఆపుకొని కూర్చోవాలి.

అందుకే నా ముఖం నాకు కనిపించకుండా దాచేస్తున్నాను. ఇద్దరితో తేలిపోయే సంగతైతే ఫోన్ చేయమని కోరి, మిద్దె మీద నడుస్తూ మాట్లాడుతున్నాను. సమావేశానికీ సమావేశానికీ మధ్య కనీసం పది నిమిషాల ఎడం ఇవ్వాలని పై అధికారులకు నా మనవి.