బాక్స్ మీద 1.93, అసలు లెక్క 3.1

మొన్న శనివారం దాదాపు 30 బుల్లెట్లు గాలికి కాల్చి నేర్చుకున్న సంగతి ఇది, రాసి పెట్టుకుంటే ఇంకోసారి మర్చిపోనని రాస్తున్నా.

నా ఏఆర్-15 రైఫిల్‌కి స్కోప్ (గురి చూసే దుర్భిణి) కొన్నా, దాన్ని రైఫిల్ మీద బిగించే మౌంట్ మాత్రం ఎత్తుది తీసుకున్నా. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుని మెడ ఎప్పుడో పోయింది, స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద చెంప ఆనించి తల వంచాలంటే నరకం. మౌంట్ 1.93 ఇంచులు ఉంటే తల నిటారుగా పెట్టి చూడొచ్చు. అసలు ఈ రైఫిల్‌లో స్టాక్, బ్యారెల్ ఒకే గీతలో ఉంటాయి కాబట్టి స్కోప్ ఎలాగూ పైనే పెట్టాలి, వేటకి వాడే బోల్ట్ రైఫిల్‌కి పెట్టినట్టు బ్యారెల్‌కి ఆనుకునేంత కిందకి దించడం కుదరదు.

ఇక్కడ టెక్సాస్‌లో మా ఇంటి దగ్గర షూటింగ్ రేంజ్‌లో 25, 50, 100 యార్డ్స్ లేన్లు ఉన్నాయి. ముందు 25 లో జీరో చేశా, అంటే గురి పెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా స్కోప్ సరిచేశా, మూడు బుల్లెట్లు సరిగ్గా మధ్యలో, భలే ఖుషీ. బుల్లెట్ ఎక్కడ తగుల్తుందో లెక్కేసే ఫోన్ యాప్‌లో సైట్ హైట్ (స్కోప్ ఎత్తు) అన్నచోట 1.93 కొట్టా, 100 దగ్గర 4 ఇంచులు పైన తగుల్తుంది అంది. సరే అని ఇంట్లో ప్రింట్ తీసిన మామూలు లెటర్ సైజు టార్గెట్ 100 లో పెట్టి కాల్చా. ఏం లేదు. కాయితం మీద ఒక్క చిల్లు లేదు. మళ్ళీ కాల్చా, మళ్ళీ లేదు. మౌంట్ స్క్రూలు బిగించా, బుల్లెట్లని తిట్టా, స్కోప్‌ని తిట్టా, చివరికి పక్క బెంచ్ పెద్దాయన చూడలేక వచ్చి, నీ స్కోప్ బోర్‌కి (బ్యారెల్ లోపల బుల్లెట్ వెళ్ళే గొట్టం) ఎంత ఎత్తులో ఉంది అని అడిగాడు. 1.93 అన్నా. అది రైల్ (రైఫిల్ పైన మౌంట్ బిగించే పట్టీ) నుంచి కదా, బోర్ నుంచి ఎంత అన్నాడు.

అదీ సంగతి. బాక్స్ మీద వేసే నంబర్ రైల్ పైభాగం నుంచి స్కోప్ మధ్యకి. ఏఆర్‌లో రైలే బోర్ మధ్య నుంచి ఇంకో 1.2 ఇంచుల దాకా పైన ఉంటుంది, రెండూ కలిపితే 3.1. స్కోప్ చూపు తిన్నటి గీత, బుల్లెట్ దాని కింద నుంచి బయల్దేరుతుంది, 25 యార్డ్స్‌లోపే ఆ మూడించులు ఎక్కి చూపుని అందుకోవాలంటే బ్యారెల్ ముక్కు బాగా పైకెత్తి ఉండాలి, అలా ఎత్తింది అక్కడితో ఆగదు కదా, ఎక్కుతూనే పోతుంది. నా 55 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్‌కి, సెకనుకి 3000 అడుగుల లెక్కన, 100 దగ్గర ఏడున్నర ఇంచులకి పైనే పైకి వెళ్తుంది. కాయితం మధ్య నుంచి పై అంచుకి ఉన్నదే ఐదున్నర!

ఇది ఫోన్‌లో నాన్నకి చెప్తే, బోరుకి మూడించులు పైన ఏం పెట్టావురా, మోటారా అన్నాడు. ఖమ్మం జిల్లాలో బోరు అంటే ఒకటే బోరు మరి.

తర్వాత 50 లో జీరో చేశా, ఎత్తు మౌంట్‌కి ఇదే బాగుంది. 100 దగ్గర 2 ఇంచులు పైన, మధ్యలో ఎక్కడా మూడు దాటదు, 200 దగ్గర మళ్ళీ రెండు దగ్గర్లో. 25 లేన్ ఇప్పుడు నాకు కాయితం మీద పడుతుందా లేదా చూసుకోడానికి మాత్రమే, అక్కడ గ్రూప్ (చిల్లులన్నీ కలిపి) మధ్యలో కాకుండా ఒకటిన్నర ఇంచులు కింద పడేలా వదిలేసి 50 కి వెళ్తా. అన్నట్టు స్కోప్ నాబ్ తిప్పే క్లిక్కుల దగ్గర కూడా తికమక పడ్డా, క్లిక్కుకి పావు ఎంఓఏ (చిన్న కోణం కొలత) అంటే 100 దగ్గర నాలుగు క్లిక్కులకి ఇంచు, 50 దగ్గర అదే ఇంచుకి ఎనిమిది, 25 దగ్గర పదహారు. నాలుగే తిప్పి ఇది కదలట్లేదేంటి అని కాసేపు కూర్చున్నా.

ఇంకోటి, ఇది జీరో కంటే ముఖ్యం. స్కోప్‌లో దారి మొత్తం క్లియర్‌గా కనిపిస్తుంది కానీ బ్యారెల్ మూడించులు కింద ఉంది, దాని ముందు ఏముందో స్కోప్‌కి తెలీదు. 7 యార్డ్స్‌లో టార్గెట్ పెట్టినా చూసిన చోటుకి రెండున్నర ఇంచుల కింద తగుల్తుంది, ఇక మూతి ముందే ఉన్నవైతే చెప్పక్కర్లేదు. నేను ఇసుక మూట వెనక్కి జరిపి కాల్చబోతుంటే రేంజ్ ఆఫీసర్ ఆగమని అరిచాడు, చూస్తే బ్యారెల్ మూతి సరిగ్గా బెంచ్ చెక్కకి ఎదురుగా ఉంది. ఆ చెక్క అంచుకి అప్పటికే నాలుగైదు గాట్లు ఉన్నాయి, ఒక్కటి కూడా నాది కాదు.