ఇద్దరు పిల్లలయ్యారుగా, ఇంకా ఆ సంచితో ఏం పని?

రెండో కాన్పు కూడా నార్మల్ అయిందని మా వాళ్ళంతా సంబరపడ్డారు. ఆ నార్మల్ ఎలా అయిందో నాకు తెలుసు. బిడ్డ ఎంతకీ రాకపోతే ఒక నర్సు స్టూలెక్కి రెండు చేతులతో నా పొట్ట మీద నొక్కింది. చివరికి వాక్యూమ్ పెట్టి లాగారు. కుట్లు వేశారు. బిడ్డా నేనూ క్షేమం. అంతటితో పురుడు అయిపోయిందనుకున్నారు అందరూ.

నరసరావుపేట దగ్గర మా పుట్టింట్లో అమ్మ పత్యం గట్టిగా పెట్టింది. వెల్లుల్లి కారం, కాయం ముద్ద, బిగించి నడికట్టు. నీళ్ళు మాత్రం గొంతు తడిసేంతే, బాలింత ఎక్కువ తాగితే పొట్ట వస్తుందట. దాంతో మలబద్ధకం పట్టుకుంది. ముక్కీ ముక్కీ కళ్ళు తిరిగేవి. కుట్లు మానాయి కానీ సాయంత్రమయ్యేసరికి కింద ఏదో బరువు, జారుతున్నట్టు లాగుడు. అమ్మతో చెబితే "కాన్పయ్యాక అందరికీ అంతేనే, మేం కనలేదా" అంది.

జలుబు చేసి దగ్గు పట్టుకున్న రోజుల్లో, ఒక రాత్రి పెరట్లో బాత్‌రూమ్‌కి వెళ్ళాను. కడుక్కుంటుంటే చేతికి ఏదో తగిలింది. మెత్తగా, తడిగా, ఇంతకు ముందు అక్కడ లేనిది. లోపలికొచ్చి, అమ్మ పౌడర్ రాసుకునే చిన్న అద్దం తీసి, ఫోన్ టార్చ్ వేసి చూసుకున్నాను. గులాబీ రంగులో, నిమ్మకాయంత, మెరుస్తూ బయటికి కనిపించింది. పేగు జారిందనుకున్నాను. తర్వాత క్యాన్సర్ అనుకున్నాను. నడుం కింద దిండు పెట్టుకుని నేల మీద పడుకుంటే అది మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది, దానికి ఇంకా భయమేసింది. మంచం మీద పాప పాల కోసం ఏడుస్తోంది. లేచి ఎత్తుకుంటే కడుపులో ఉన్నదంతా కింద పడుతుందేమోనని లేవలేదు. అమ్మను లేపడానికి నోరు రాలేదు. పాప ఏడుపుకి అమ్మే లేచి వచ్చి, నేల మీద నన్ను చూసి, "చలువ బండ మీద పడుకుంటావా, బుద్ధుందా" అని తిట్టి బిడ్డను నా పక్కన పడుకోబెట్టింది. పడుకునే పాలిచ్చాను.

హైదరాబాద్‌లో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. ఏమైందంటే ఏమని చెప్పను? "నాకేదో అయింది, రండి" అన్నాను, అంతే. ఇంకో ప్రశ్న వేయలేదాయన. దొరికిన బస్సెక్కి పొద్దెక్కేసరికి వచ్చాడు. ఆ ఒక్క పనికి ఈ జన్మకి ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో సగం కొట్టేశాను.

మర్నాడు వెళ్ళిన ఆస్పత్రి పేరు రాయను. డాక్టరమ్మ బల్లెక్కించి దగ్గమంది, దగ్గాను. "గర్భసంచి జారింది. ఇద్దరు పిల్లలయ్యారుగా, ఇంకా ఆ సంచితో ఏం పని? తీసేస్తే ఓ పనైపోతుంది" అంది, ఫోన్‌లో మెసేజ్ చూసుకుంటూ. తలుపు దగ్గర ఆయా నవ్వింది. నాకు అప్పటికి 29 ఏళ్ళు. చంకలో పాలు తాగే పిల్ల. ఇంకా కంటానా లేదా అన్నది తర్వాతి మాట, నా ఒంట్లోని భాగాన్ని అటక మీది పాత సామానులా లెక్కేసిందే, అది మింగుడు పడలేదు. ఇప్పటికీ ఆ వీధిలోంచి ఆటో వెళ్తే నా మొహం అటు తిప్పుకుంటాను.

ఆవిడొక్కదాన్నే ఏమనుకోను? మా పెద్దమ్మకి తీసేశారు, పిన్నికి తీసేశారు, పక్కింటి ఆవిడకి నలభై కూడా రాకముందే తీసేశారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణ కూడా పెద్ద వెనకబడి లేదు. మనవైపు అది పన్ను పీకించుకున్నంత మామూలైపోయింది.

మా ఆయన పట్టుబట్టి హైదరాబాద్ తీసుకెళ్ళాడు. ఈ సమస్యలే ప్రత్యేకంగా చూసే డాక్టర్లు ఉంటారని, వాళ్ళని యూరోగైనకాలజిస్ట్ అంటారని అప్పుడే తెలిసింది. అలాంటి ఒక డాక్టరమ్మ తెల్ల కాగితం మీద బొమ్మ గీసింది. గర్భసంచి, దాని ముందు మూత్రసంచి, వెనక పేగు, వీటన్నిటినీ కింద నుంచి మోసే కండరాలు. కాన్పులో ఆ కండరాలు, పట్టి ఉంచే బంధాలు సాగిపోతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. నాకు గర్భసంచి, మూత్రసంచి వైపు గోడ రెండూ జారాయి, స్టేజి 2 (అంకె పెరిగేకొద్దీ జారుడు ఎక్కువని). "తీసేయమన్నారు మేడమ్" అన్నాను. "చేంతాడు వదులైతే చేదను పారేస్తామా అమ్మా?" అంది. అప్పుడే ఏడ్చాను, ఆ రాత్రి కూడా అంత ఏడవలేదు.

ఇది ప్రాణం తీసే జబ్బు కాదని, నీకెంత ఇబ్బందిగా ఉందన్నదాన్ని బట్టే వైద్యమని చెప్పింది. మూత్రం ఆగిపోతే, రక్తం కనిపిస్తే, పుండు పడితే మాత్రం ఆలస్యం చేయొద్దంది. పాలిచ్చేటప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తక్కువగా ఉండి అక్కడి చర్మం పల్చబడుతుంది, బిడ్డ పాలు మానాక కొంత మెరుగవ్వొచ్చు, కాబట్టి ఇప్పుడే కోతకి తొందరెందుకంది. సంచి తీసేసినా మూత్రసంచి మళ్ళీ జారొచ్చట. ఈ సంగతి మొదటి ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. ఆపరేషనే కావాలంటే సంచిని ఉంచి పైకి కట్టే పద్ధతులూ ఉన్నాయి. ముంబై డాక్టర్లు శిరోద్కర్, పురందరే పేర్లతో ఉన్న ఆపరేషన్లు చిన్న వయసు వాళ్ళ కోసమే వచ్చాయట. యోనిలోంచి పెట్టే మెష్, అంటే జారినదాన్ని ఆపే వలలాంటి పట్టీ, గురించి ఆవిడే ఎత్తింది. జారుడుకి వాడే ఆ మెష్ అమ్మకాన్ని 2019లో అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ ఆపించింది, ఎవరైనా అది పెడతామంటే ఎందుకో గట్టిగా అడగమంది.

పెసరీ, ఎక్సర్‌సైజులు ఎంచుకున్నాను. పెసరీ అంటే సిలికాన్ రింగు, లోపల పెడితే జారినదాన్ని పైకి ఆపుతుంది. మొదటి సైజు ఇంటికొచ్చి టాయిలెట్‌లో కూర్చోగానే ఊడిపడింది. సిగ్గుతో చచ్చాను, డాక్టరమ్మ మాత్రం చెప్పుల సైజు మార్చినంత తేలిగ్గా మార్చింది. తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకోవడం ఇప్పుడు నాకు తల దువ్వుకోవడంతో సమానం. ఎక్సర్‌సైజుల దగ్గర ఫిజియోథెరపిస్ట్ చెయ్యి పెట్టి చూసి "అమ్మా, మీరు పైకి లాగట్లేదు, కిందికి ముక్కుతున్నారు" అంది. వీడియోలు చూసి సొంతంగా మొదలుపెట్టేవాళ్ళు ఒక్కసారైనా ఎవరి చేతైనా చూపించుకోండి. మూత్రం, గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగాలి. దగ్గే ముందు, తుమ్మే ముందు బిగించాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. కనీసం మూడు నెలలు రోజూ చేస్తే గానీ తేడా తెలియదు, నాకైతే అంతకంటే ఎక్కువే పట్టింది. నీళ్ళు బాగా తాగాను, ఈ విషయంలో అమ్మతో ఇప్పటికీ గొడవే.

పూర్తిగా తగ్గిందని చెప్పను. పాప పాలు మానాక స్టేజి 1కి వచ్చింది. ఎక్కువసేపు నిలబడ్డ రోజున రింగు కావాలి, మిగతా రోజుల్లో గుర్తుకే రాదు. ఎప్పటికైనా ఆపరేషన్ అవసరమైతే చేయించుకుంటాను, నాకు దాని మీద పగేం లేదు. ఎప్పుడు, ఏది అన్నది మాత్రం నేను తేల్చుకుంటాను.

ఈ కాలమంతా ఇంట్లో నీళ్ళ బకెట్లు, తడిబట్టలు అత్తయ్యే మోసింది. నాకు నయమైతే నాతో కోటప్పకొండ మెట్లెక్కిస్తానని మొక్కుకుంది కూడా. డాక్టర్ని అడిగితే ఎక్కొచ్చంది. నిదానంగా ఎక్కాం. మధ్యలో అత్తయ్య ఆగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అటు తిరిగింది. ఆయాసమా అని అడిగాను. కాదట. మా ఆయన పుట్టినప్పటి నుంచీ ఆవిడకీ ఇదే బాధ, పాత చీర గుడ్డ మడత పెట్టుకుని ఇన్నేళ్ళూ లాక్కొచ్చింది. మామయ్యకి కూడా తెలియదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మరి నా బకెట్లు ఎందుకు మోశారని అరిచాను. చుట్టూ జనం చూశారు.

వచ్చే శుక్రవారం అదే డాక్టరమ్మ దగ్గర అత్తయ్యకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. రానని మొండికేసింది కానీ, నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగింది: "నా వయసుకి కూడా ఆ రింగు పెడతారంటావా?"